రెండో సంతకం

షార్జా ఎగ్జిబిషన్ హాల్ల నేల తుడుస్తున్న. నా కండ్లముంగటనే అప్పాజీ మనిషి లడ్డు డబ్బాల మీద కొత్త స్టిక్కర్లు అతికిచ్చిండు. కింద 'జంగుబాయి ఆదివాసీ మహిళా సంఘం, ఉట్నూర్' అని తెలుగుల ఉన్నది. మీద పడ్డది అప్పాజీ కంపెనీ పేరు.

చదువుకునే పిల్లలు, కూలికి పోయేటోళ్లు, ఇద్దరూ వినుండ్రి. ఇది 2023 సంగతి. నా పేరు రేణుక, మాది జగిత్యాల దిక్కు. సజ్జాల కూలోళ్ల క్యాంపుల ఉంటూ ఆ హాల్ల క్లీనర్ పని చేసేదాన్ని. ఉట్నూర్ గోండు ఆడోళ్లు ఇప్పపువ్వు లడ్డు చేసుడు మొదలువెట్టి, ఊరూరి ఆడోళ్లను కలుపుకొని సొంత కార్ఖానా నిలబెట్టిండ్రు. మీ సరుకు దుబాయ్‌ల అమ్మిపెడ్తనని ఆడి డేరా బజార్ల వ్యాపారి అప్పాజీ ఐదుగురిని పిలిపిచ్చిండు. వచ్చినంక స్టాల్ల కుర్చీ ఆయనది. ఆళ్లకు స్టాల్ ముంగట కట్టిన తాడు అవుతల జనం కోసం ఆట, పాట. ఆళ్ల చేతులు కావాలె, పేరు వద్దు.

అధ్యక్షురాలు సోంబాయికి స్టిక్కర్ల ముచ్చట చెప్పిన. నన్ను కిందికి మీదికి చూసింది.

"నువ్వెవలు? నిన్ను పంపిందెవలు?"

"ఎవలు పంపలే అక్కా. గోరుతోని గీకి చూడు."

గీకింది. సంఘం పేరు తేలింది.

కార్యదర్శి జైతుబాయి సోంబాయి మీద పడ్డది. "నిన్న అప్పాజీ ఆఫీసుకు నిన్నొక్కదాన్నే ఎందుకు పిలిచిండు? ఏం కాయిదం మీద సంతకం పెట్టినవ్?"

"సరుకు విడిపిచ్చే కాయిదమన్నడు."

"ఆడన్నడు, నువ్వు పెట్టినవ్! మా అందరి కష్టం అమ్ముకున్నవ్!"

మిగిలిన ముగ్గురు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. అబద్ధమెందుకు, నాకూ సోంబాయి మీదనే అనుమానమొచ్చింది.

ఆమె సంచిలకెల్లి నకలు తీసింది. రిజిస్ట్రేషన్ కౌంటర్ల ఉండే నెల్లూరు షహజాదీతోని చదివిపిచ్చినం.

"సరుకు కాగితం కాదక్కా ఇది" అన్నది షహజాదీ. "సంఘం పేరు, లడ్డు తయారీ, అంతా అప్పాజీకి రాసిచ్చేసినట్టు. అయితే రెండు సంతకాలు కావాల. రెండోది ఖాళీగా ఉండాది. కార్యదర్శిది."

అందరం జైతుబాయి దిక్కు తిరిగినం. ఆమె నేల మీద కూసొని చెప్పింది.

"పొద్దుగాల నన్నూ పిలిచిండు. సోంబాయి మిమ్ముల ముంచుతున్నది, నువ్వు సంతకం పెట్టు, నిన్నే అధ్యక్షురాలిని చేస్తనన్నడు. రేపు పెడ్తనన్న."

సోంబాయి చెయ్యెత్తింది. కొడ్తదనుకున్నం. ఆ చేత్తోని మొకం కప్పుకున్నది. "చదవకుండ పెట్టుడు నాది తప్పు."

"దాసిపెట్టుడు నాది" అన్నది జైతుబాయి.

చీపుర్లు పెట్టే గదిల క్లీనర్లమంత కూడినం. "మనకెందుకే? గేట్‌పాస్ గుంజుకుంటరు" అన్నది నవత, నా రూం పిల్ల. "రేపు మనల ఒకతి మీద ఒకతికి ఏం నూరిపోస్తరో!"

"అందుకే అందరం కలిసి పోదాం. అంటించుడు ఆళ్ల పని. గీకుడు మన పని" అన్న.

తెల్లారి పదింటికి బేరగాళ్లొచ్చిండ్రు. అదే యాళ్లకు పదకొండు మందిమి వేడినీళ్లు, గీకుడు బిళ్లలు పట్టుకొని స్టాల్లకు జొచ్చినం. నవత కూడ వచ్చింది.

"ఆపండి! మీకెవరు చెప్పారు?" అప్పాజీ అరిచిండు.

జైతుబాయి తాడు దాటొచ్చి కాయిదం లేపి చూపిచ్చింది. "రెండో సంతకం నాది. పెట్టనే పెట్ట."

డబ్బా తిప్పి చూస్తున్న ఒక బేరగాడు షహజాదీని అడిగిండు, ఈ పేరెవరిదని. ఐదుగురు గోండు ఆడోళ్లు ఒక్కపారే అన్నరు, "మాది."

సెక్యూరిటీ వచ్చిండ్రు. మా ముదీర్, అంటే మేనేజర్, నా మెడల గేట్‌పాస్ తెంపి, "ఖలాస్, యల్లా" అని తలుపు చూపిచ్చిండు. నేను పోతుంటె ఎనుక గీకుడు చప్పుడు ఆగలే.

పని పోయింది. ఆదివారం, ఇంటికి పంపే విమానం టికెట్ కోసం ఎదురుచూసుకుంట క్యాంపుల కూసున్న. నవత వచ్చి తన పని కాయిదం నా ముంగట పెట్టింది. "ఇందుల ఏం రాసిండ్రో షహజాదీతోని చదివిపిద్దామా అక్కా?"

ఆమె ఎనుక వరండా నిండ ఆడోళ్లు. ఒక్కొక్కల చేతిల ఒక్కో కాయిదం. ఎవల సంతకాన్ని ఆళ్లే అనుమానంగ చూసుకుంటున్నరు.

నేను చెప్పులేసుకున్న.