పోల్డీన్ ఆఖరి బూట్లు

ఆ వారం చలి ఎంతటిదంటే, మా ఇంటి పొగగొట్టంలోంచి లేచిన పొగ గుంజలా బిగుసుకుపోతే దానికి వల కట్టి ఆరేశాను. నమ్మకపోతే మానేయండి. తక్కినదంతా నిజం.

నా భార్య పోల్డీన్ కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. పేగు పగిలితే బతకదని ఊళ్ళో మందులిచ్చే పిల్ల చెప్పింది. ఆసుపత్రి విమానం ఆ చలికి రానంది. ఇక మిగిలింది నా మేనల్లుడు కాస్మస్ బుల్లి విమానం. ఇంజనులోంచి ముందురోజే దించుకున్న నూనెను వాడు మా పొయ్యి మీద కాచి, పొగలు చిమ్ముతుండగానే తిరిగి పోశాడు. పోల్డీన్‌ను దుప్పట్లలో చుట్టి వెనక పడుకోబెట్టాం. ఒళ్ళో మూట వదలదు. చచ్చాక తొడగమని ఏళ్ళతరబడి కుట్టుకున్న దుప్పితోలు బూట్లవి, నిండా పూసలతో. మా ఆడవాళ్ళు ఆ లోకానికి పాత బూట్లతో పోరు.

"అవెందుకే ఇప్పుడు?" అన్నాను.

"దారిలో పోయాననుకో, నువ్వు నా కాళ్ళకి గోనెసంచి చుడతావు. నీ సంగతి నాకు తెలీదా."

కొండలు రాకముందే కాస్మస్ నూనె వేడి చూపే ముల్లును గోటితో కొట్టాడు. అది అడుగునే పడి ఉంది.

"ఏంట్రా?"

"నూనె చల్లారిపోతోంది మామా. విమానం ముక్కు పక్క నూనె చల్లార్చే జాలీలోకి గాలి పోకుండా పట్టీ అంటించాను. ఊడిపోయినట్టుంది. ఈ చలికి జిగురు నిలవదు."

"చల్లారితే ఏం, తాగుతామా?"

"నూనెలో తడి ఆవిరైపోదు. ఇంజను ఆవిరి వదిలే ఊపిరి గొట్టం కొసన మంచు కడుతుంది. గొట్టం మూసుకుందా, ఇంజను ఉన్న నూనంతా కక్కేస్తుంది. అప్పుడు నీ కబుర్లు కింద చెట్లకి చెప్పుకో."

గడ్డకట్టిన యూకాన్ నది మీద దించాడు.

"ఇంజను ఆపితే మళ్ళీ లేవదు. నేను కదలకూడదు, నువ్వే దిగి ఆ జాలీని మూసి కట్టు. గుడ్డ వద్దు, చిరిగిపోతుంది. తోలు కావాలి."

నా తోలు చేతితొడుగులు విప్పబోయాను.

"వేళ్ళు పోతే ముడి ఎవడేస్తాడు?" పోల్డీన్ మూట చాపింది. "కొయ్యి."

"నీ ఆఖరి బూట్లే!"

"కొయ్యవయ్యా."

ఒక బూటు కోశాను. ముక్కున తిరుగుతున్న పంకా రెక్కకి జానెడు దూరంలో, గాలి మొహం కోస్తుంటే, ఆ తోలును జాలీ మీద పరిచి దాని తాళ్ళతోనే బిగించాను. ముడి పడేసరికి వేళ్ళు నావి కావు.

పైకి లేచాం. ముల్లు కదల్లేదు. వెనక పోల్డీన్ మూలగడం మానేసింది. అంతదాకా ఆ మూలుగే నాకు ధైర్యం.

"ఏమే. ఇప్పుడు పోయావంటే వట్టికాళ్ళతో పోవాలి. మీ అమ్మ నన్ను తిడుతుంది."

వెనక్కి వంగాను. చెయ్యి పట్టుకుంటే నా చేతికి ఏమీ తెలియడం లేదు, వేడో చలో.

"పోల్డీన్. వినపడుతోందా."

"ఒకటి మిగిలిందిగా," అని గొణిగింది.

"ఒంటి బూటుతో కుంటుకుంటూ పోతావా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వుతారు," అంది. కళ్ళు తెరిచే ఉంచింది.

"మామా," అన్నాడు కాస్మస్. ముల్లు వెంట్రుకవాసి లేచింది.

ఫెయిర్‌బ్యాంక్స్ ఆసుపత్రిలో కడుపు కోసి కుట్టారు. ఇప్పుడు పోల్డీన్ ప్రతి వేటకాలంలోనూ మళ్ళీ ఆఖరి బూట్లకి తోలడుగుతుంది. అడవంతా తిరిగాను, దుప్పులన్నిటికీ తోలు చిరిగిపోయి ఉందంటాను. ఆమె మరీ గుచ్చి అడగదు.