లెన్సులు పెట్టని కళ్లు

గంజి వార్చేటప్పుడు అహల్యకి రోజూ రెండు క్షణాలు చూపు పోతుంది. ఆవిరి కళ్లద్దాలకి పట్టేస్తుంది, గిన్నె వంచిన చేతులకి దారి కనపడదు. పదకొండేళ్ల కాపురంలో మణికట్టు మీద మూడు కాలిన మచ్చలు అలా పడ్డవే.

ఆ సోమవారం పొద్దున అత్తగారు సీతాలక్ష్మి మాట ఆ ఆవిరిలోంచే వినపడింది.

"ఏటే, వినపడతందా? రేపు నాగపూర్ బండికి హరితని నువ్వే తీసుకెళ్లాల. సైన్సు చదువుకున్నదానివి, డాక్టరు చెప్పింది నీకు బోధపడతాది. లెన్సుల ఊసు మాత్రం ఎత్తీకు. లెన్సులు మానీసి మూడు వారాలు ఆగమని డాక్టరంటే నిశ్చితార్థం ఏటైపోవాల?"

హరిత అహల్య ఆడపడుచు. ముందురోజు ఆదివారం హిందీవాళ్ల ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన రిసాలి క్వార్టర్లో ఆ పిల్లకి పెళ్లిచూపులు జరిగాయి. విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు అబ్బాయి కళ్లద్దాల పిల్ల వద్దన్నాడని మధ్యవర్తి ముందే చెప్పాడు. హరిత కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని కూర్చుంది. అబ్బాయి ఆ కళ్లనే చూసి సరేనన్నాడు. ఇక గుట్టు బయటపడేలోగా లేజర్ ఆపరేషన్ చేయించెయ్యాలని ఇంట్లో తీర్మానం.

అహల్య పెళ్లిచూపులప్పుడు వాళ్లమ్మ కూడా కూతురి కళ్లద్దాలు తీయించి కూర్చోబెట్టింది. అప్పుడు లెన్సులూ లేవు, ఏమీ లేవు. మసకలో మనిషి ఆకారం చూసి రవిశంకర్‌కి తలూపింది. పెళ్లయిన మూడోరోజు సంగతి బయటపడింది. "గుడ్డిపిల్లని మాకు అంటగట్టీసేరు" అని సీతాలక్ష్మి వీధి వీధంతా చెప్పుకొచ్చింది. తన కూతురి దగ్గరకొచ్చేసరికి అదే పని తెలివితేటలైపోయింది.

హరిత లెన్సుల డబ్బా కడిగి కొత్త మందునీళ్లు పోసేది అహల్యే. అద్దం ముందు హరిత కనురెప్ప పైకెత్తి లెన్సు పెట్టుకుని, తల విదిలించి నవ్వినప్పుడల్లా అహల్య చూపు తిప్పుకుని డబ్బా మూత బిగించేది. తన కళ్లద్దాల కాడ విరిగితే దారం చుట్టుకుని ఏడాదిగా సెక్టర్ 4 స్కూల్లో పాఠాలు చెబుతోంది. పిల్లలు వెనక నవ్వుకోవడం ఆమెకి తెలుసు. లేజర్ ఆపరేషన్ గురించి పేపర్లో వచ్చిన కాగితం ముక్కని రెండేళ్ల క్రితం కత్తిరించి చీరల అడుగున దాచుకున్నది హరిత కాదు. వరండాలో ట్యూషన్లు చెప్పి ఆ ఆపరేషన్ కోసం డబ్బు కూడబెట్టిందీ హరిత కాదు.

"నీకు కళ్లద్దాలు అలవాటైపోయాయి కదా అహల్యా" అన్నాడు రవిశంకర్, ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్స్ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ. "హరితకి ఇంకా ముందు జీవితం ఉంది."

మరి తనకి వెనకాల మాత్రమే ఉందా? అహల్య బ్యాంకుకి వెళ్లి, తను కూడబెట్టిన డబ్బుతో ఆసుపత్రి పేర డ్రాఫ్టు తీసి ఇచ్చింది.

*

నాగపూర్‌లోని ఆ కంటి ఆసుపత్రి చల్లగా, తెల్లగా ఉంది. హరిత కళ్లు కొలిచారు. డాక్టరమ్మ బొమ్మ గీసి హిందీలో వివరిస్తుంటే అహల్య స్కూలు నోట్సు రాసుకున్నంత శ్రద్ధగా రాసుకుంది. మూడు పద్ధతులు. మొదటిది బ్లేడుతో నల్లగుడ్డు చుట్టూ గీతలు పెట్టడం, పాతబడిపోయింది. రెండోది పైపొర గీకేసి లేజర్ కొట్టడం. మూడోది కొత్తది. పొరని మూతలా లేపి, కింద లేజర్ కొట్టి, మళ్లీ మూసెయ్యడం. మర్నాటికల్లా చూపొచ్చేస్తుంది.

"మూడోదే" అంది హరిత వెంటనే.

డాక్టరమ్మ కొలతల కాగితం వంక మళ్లీ చూసింది. "నీ పాత కళ్లద్దాల చీటీకీ దీనికీ పొంతన లేదు. లెన్సులు వాడుతున్నావా? ఈ మధ్య పెట్టావా?"

"నహీఁ మేడమ్. కభీ నహీఁ." ఎప్పుడూ పెట్టలేదన్నట్టు హరిత తల అడ్డంగా ఊపింది.

డాక్టరమ్మ చూపు అహల్య వైపు తిరిగింది.

లెన్సు నల్లగుడ్డుని నొక్కి ఆకారం మార్చేస్తుందనీ, అది సర్దుకునేదాకా కొలతలు తప్పుతాయనీ అహల్యకి తెలుసు. పేపర్ ముక్కలో చదివింది. మాట్లాడకపోతే చాలు. తప్పు కొలత మీద లేజర్ పడుతుంది. ఆ నవ్వే కళ్లకి మళ్లీ అద్దాలు వస్తాయి, ఈసారి ఎప్పటికీ. అత్తగారు చెప్పినట్టే నడుచుకున్న కోడలిని ఒక్కరూ తప్పు పట్టలేరు.

ఆ ఆలోచన తియ్యగా ఉంది. డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టేంతసేపు అహల్య దాన్ని చప్పరించింది. ఆ తియ్యదనానికి ఆమెకే భయమేసింది.

"మొన్న ఆదివారం దాకా రోజూ పెట్టింది డాక్టర్. నేనే ఆ డబ్బా కడుగుతాను."

హరిత కుర్చీలోంచి లేచి నిలబడింది. డాక్టరమ్మ కాగితం చింపేసింది. "మూడు వారాలు లెన్సులు బంద్. కళ్లద్దాలే పెట్టుకో. తర్వాత రా, మళ్లీ కొలుస్తాను. అబద్ధానికి ఆపరేషన్ చెయ్యమంటావా?"

"నిశ్చితార్థానికి చష్మా పెట్టుకుని కూర్చోవాలా నేను?" హరిత గిర్రున తిరిగింది. "కావాలనే చెప్పావు కదా భాభీ! నీకు జలన్! మొదట్నుంచీ నీకు జలనే!"

"అవును" అంది అహల్య.

హరిత ఒక అడుగు వెనక్కి వేసింది.

"అసూయే. నీ లెన్సులంటే అసూయ, నీ ఆపరేషనంటే అసూయ. ఇందాక నోరు మూసుకుందామనుకున్నాను కూడా. అప్పుడు నీకు ఏమయ్యేదో డాక్టర్ని అడుగు."

హరిత కుర్చీలో కూలబడి చున్నీతో ముక్కు తుడుచుకుంది. అహల్య డాక్టరమ్మ వైపు తిరిగింది. గొంతు క్లాసులో ఉన్నట్టే స్థిరంగా ఉంది.

"రేపు హరితకి అనుకున్న ఆపరేషన్ టైము ఖాళీ అయింది కదా. డ్రాఫ్టు నాది. నా కళ్లు కొలుస్తారా?"

"మీరు లెన్సులు ఎప్పుడు మానేశారు?"

"ఎప్పుడూ పెట్టలేదు. ఎవరూ కొనిపెట్టలేదు."

గడ్డం యంత్రానికి ఆనించి కూర్చుంటే ఎర్రటి చుక్కొకటి దూరంగా వెలిగింది. పదకొండేళ్లలో తన కళ్లలోకి ఒకరు ఇంతసేపు చూడటం ఇదే మొదటిసారి అనిపించింది. రెండు కళ్లకీ అయిదేసి పవర్, నల్లగుడ్డు మందం బాగుంది, రెండేళ్లుగా మార్పు లేదు.

"రెండోదైనా మూడోదైనా మీకు పనికొస్తుంది" అంది డాక్టరమ్మ. "అందరూ మూడోదే అడుగుతారు. వారం తిరక్కుండా ఇంటి పనులు చేసుకోవచ్చు."

"రెండోదైతే?"

"నాలుగు రోజులు మంట, కన్నీళ్లు. చూపు నెమ్మదిగా తేటపడుతుంది. మూత ఉండదు కాబట్టి అది కదిలే భయమూ ఉండదు. కానీ ఒక్కో కన్నూ విడిగా చేస్తాను, మధ్యలో నెల. అన్నాళ్లూ పొగా, ఆవిరీ, పొయ్యి వేడీ తగలనివ్వకూడదు. ఇల్లు నడిపే ఆడవాళ్లకి అది కుదరదు, అందుకే నేను పెద్దగా చెప్పను."

కుర్చీలోంచి హరిత తలెత్తింది. కోపం పోయింది. ఆ తడి కళ్లలో ఇప్పుడు నిజమైన కంగారు.

"భాభీ, మరి అన్నం ఎవరు వండుతారు?"

అహల్య మణికట్టు మీది మచ్చలని ఒకసారి తడిమి చూసుకుంది.

"రెండోదే చెయ్యండి డాక్టర్."