నర్సింగం దాయాదులు

"వాడు జరమొచ్చి పన్నడు సార్! ఆ దినం గడపే దాటలే!" ఏడుపులో హిందీ మరిచి తెలుగులోనే అరుస్తోంది కొమురవ్వ. సిరిసిల్ల నుంచి పరాయి రాష్ట్రానికి బతకొచ్చినవాళ్లుండే పర్వత్ పాటియా గల్లీలో, పట్టపగలు, ఆమె తమ్ముడు నర్సింగాన్ని నలుగురు పోలీసులు లాఠీలతో కుళ్లబొడుస్తున్నారు. లాక్‌డౌన్‌లో ఊరికి పంపమని సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే కార్మికులు రోడ్డెక్కిన రోజు రాయి విసిరింది వీడేనట. ఎవరు చూశారు? కంప్యూటర్ చూసింది! ఇన్‌స్పెక్టర్ ఫోన్ చూపించాడు. కెమెరాలో మసక మసక ముఖం, పక్కన నర్సింగం ఫోటో. రెండూ ఒకటేనని మిషన్ చెప్పిందట. మనిషి మాటకు దిక్కు లేదు గానీ మిషన్ మాట వేదవాక్కు!

ఆ ఫోటో ఎక్కడిదో కొమురవ్వ గుర్తుపట్టింది. వారం కింద, రైలు టికెట్లకని చెప్పి పోలీసులే గల్లీలో ఫోటోలు తీశారు. జంకినవాళ్లను బతిమాలి, పేరుపేరునా పిలిచి వరుసలో నిలబెట్టింది తనే. రైలు రాలేదు. పోలీసులొచ్చారు.

పట్టుకుపోయిన మర్నాడే ఠాణాలో నర్సింగం చచ్చిపోయాడు. కరోనా అని శవాన్ని వాళ్లే కాల్చేశారు.

గల్లీ అంతా పోగైంది. "నీతోనే గదా చెల్లె గిదంత! రేపు మమ్ముల పట్కపోతరు," ముసలి సోమలింగం కడిగేశాడు.

"అవ్ అన్నా, నాతోనే అయింది. నన్ను కొట్టుర్రి."

"కొడ్తే వాడొస్తడా? వాని కర్మకు గుండు గీసుకునే దాయాది ఒక్కడు లేడు. అందరు సిరిసిల్లలనే ఉండిరి."

"ఈడ వాని దాయాదులు మీరు గారా? వాని పక్క సాంచె నడిపినోళ్లు గారా?"

అందరికంటే ముందు సోమలింగమే మంగలి దగ్గర కూర్చుని తల వంచాడు. "కనుబొమలు గూడ గియ్యి. మిషన్ ఎట్ల గుర్తువడ్తదో సూద్దాం."

ఆ పూట అరవై మంది గీయించుకున్నారు.

పొద్దున వ్యాన్ వచ్చింది, ఇంకా పదకొండు మంది కావాలంటూ. ఫోన్ పెట్టి చూస్తే ఒక్క ముఖమూ కలవదు. ఇన్‌స్పెక్టర్ కొమురవ్వను జుట్టు పట్టి ఈడ్చాడు. "తూనే హీ సబ్ కో ఖడా కియా థా. నామ్ బోల్!"

అందర్నీ నిలబెట్టింది నువ్వే గదా, పేర్లు చెప్పమంటున్నాడు. ప్రతి పేరూ ఆమెకు తెలుసు. లాఠీ మూతి మీద, తర్వాత మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గల్లీ అంతా విన్నది.

"ఒక్కపారి నిలవెట్టి తమ్మున్ని సంపుకున్న," నెత్తురు ఉమ్మి అంది. "ఇగ సచ్చినా చెప్ప."

మళ్లీ లేచిన లాఠీని సోమలింగం పట్టుకున్నాడు. అరవై గుండ్లు వ్యాన్ మీద పడ్డాయి. అద్దాలు పగిలాయి, ఫోన్లు కాళ్ల కింద నలిగాయి, అటూ ఇటూ తలలు పగిలాయి. సాయంత్రానికి నలభై మందిని లాక్కుపోయారు, కొమురవ్వను మొదట.

మర్నాడు ఊరవతల జోల్వా సాంచెల కాడ జనం గుండ్లు గీసుకుంటున్నారు. నర్సింగం ఎవరో వాళ్లలో సగం మందికి తెలియదు.