పన్నెండు డిగ్రీలు

“మీ ఆయనతో చెప్పు, స్నానం చేశాక బకెట్ బోర్లించమని. దున్నపోతుకైనా ఒకసారి చెబితే తెలుస్తుంది.”

అత్తగారు వంటింట్లో నాతో అన్న మాట ఇది. ఆ తిట్టు పడాల్సిన మనిషి పక్క గదిలో, నాలుగడుగుల దూరంలో, షూ లేసులు కట్టుకుంటున్నాడు. మామగారు పోయాక ఆయన చేతిగడియారం ఎవరిదన్న దగ్గర తల్లీకొడుకులకు మాటలు పోయి తొమ్మిదేళ్లయింది. ఆ గడియారం అప్పటికే ఆగిపోయి ఉంది. నేను చెయ్యి తుడుచుకుని వెళ్లి బకెట్ సంగతి చెప్పాను. దున్నపోతుని గుమ్మంలోనే వదిలేశాను. ముసలిదానికి వేరే పని లేదని చెప్పమన్నాడు. వెనక్కొచ్చి, “అలాగేనన్నారు అత్తయ్యా” అన్నాను.

ఫ్యాక్టరీలోనూ నా ఉద్యోగం ఇదే. గేరు చక్రాలను కాల్చి గట్టిపరిచే కొలుములు ఒకవైపు, కంప్యూటర్ గది ఇంకోవైపు, మధ్యలో పొడుగాటి వరండా, దాని మీద నేను. గంటకోసారి కొలిమి మీటర్లు చూసి రాసుకోవడం, వెళ్లి కంప్యూటర్‌లో ఎక్కించడం, వేడి పెంచమన్నా తగ్గించమన్నా ఆ కబురు మళ్లీ కొలిమి దగ్గరికి మోయడం. ఏసీలో కూర్చున్న బొమ్మలకి ఇనుమేం తెలుసని కొలిమి మేస్త్రీ అటు గడప తొక్కడు. చొక్కా మాసిపోతుందని కంప్యూటర్ ఆఫీసరు ఇటు రాడు. ఆ చొక్కా ఉతికేదీ ఆయన కాదు, ఇస్త్రీ చేసేదీ ఆయన కాదు.

మూడో కొలిమి మీటరు అసలు వేడి కన్నా పన్నెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ఏడేళ్ల క్రితం చక్రాలు మెత్తగా వస్తుంటే, పాత కాగితాలన్నీ పక్కపక్కన పరుచుకుని నేనే కనిపెట్టాను. మీటరు మార్చడం కంప్యూటర్ వాళ్ల పనని మేస్త్రీ, కొలిమి వాళ్ల పనని ఆఫీసరు. ఎవరికీ చెప్పకుండా పన్నెండు తీసేసి ఎక్కించడం మొదలుపెట్టాను. తక్కువుందని చూసి వాళ్లు పెంచమంటారు, చక్రాలు గట్టిగా వస్తాయి. మెప్పు మాత్రం ఇద్దరు మగవాళ్లూ చెరిసగం పంచుకున్నారు.

మొన్నీమధ్య కొలిమికీ కంప్యూటర్‌కీ నేరుగా వైరు వేశారు. మీటరు అంకె దానంతటదే తెర మీదికి పోతుందట. ఇక మధ్యలో మనిషి అక్కర్లేదని, నెలాఖరుకి నన్ను మానెయ్యమన్నారు. ఆ పన్నెండు సంగతి ఈసారి కాగితం మీద రాసిచ్చాను. ఆఫీసరు చదవకుండానే సంతకం గీకి నా చేతికే తిరిగిచ్చి, “మిషన్ అబద్ధం చెప్పదమ్మా” అన్నాడు. ఇంట్లో చెబితే మా ఆయన, పోనీలే, ఇంటిపట్టున ఉంటే అమ్మకి కాస్త తోడుంటావన్నాడు. ఎవరి అమ్మకో, ఎవరు తోడో.

ఎనిమిది రోజులకి లారీ నిండా చక్రాలు తిరిగొచ్చాయి, మెత్తగా ఉన్నాయని. మేనేజరు గదిలో మేస్త్రీ ఒక కుర్చీలో, ఆఫీసరు ఎదురు కుర్చీలో. నన్ను నిలబెట్టారు.

“వైరు సరిగ్గా వెయ్యలేదని ఆయనతో చెప్పమ్మా” అన్నాడు మేస్త్రీ నాతో.

ఇద్దరి మధ్యా ఒక్క బల్లే ఉంది. ఇన్నేళ్లూ వీళ్లకి భయపడ్డందుకు నా మీద నాకే నవ్వొచ్చింది. సంతకం ఉన్న కాగితం తీసి బల్ల మీద పెట్టాను. మేనేజరు రెండుసార్లు చదివి, ఏం మానొద్దు, మునుపట్లాగే నడవమన్నాడు.

“నడవనండి. ఆ వైరు రెండు కొసలూ నా అజమాయిషీలో పెడుతున్నట్టు రాసివ్వండి. లేకపోతే నెలాఖరు దాకా కూడా ఆగను. రేపటిదాకా ఆలోచించుకోండి.”

సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు దించానో లేదో, మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, “మా అమ్మతో చెప్పు, ఇంకోసారి నా తువ్వాలు ముట్టుకుంటే మర్యాదగా ఉండదని. ముసలి పీనుగ” అన్నాడు.

వంటింట్లోకి వెళ్లాను. అత్తగారు కుర్చీలోంచి తలెత్తి చూశారు, నా నోటి నుంచి చల్లారిన మాట వినడానికి అలవాటు పడిన మొహంతో.

చెప్పాను. తువ్వాలూ, మర్యాదా, పీనుగా, అన్నీ. పన్నెండు డిగ్రీలూ తియ్యకుండా.

తొమ్మిదేళ్ల తర్వాత ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచి, కొడుకు ఉన్న గదిలోకి నడిచింది. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.