ఎలుగుబంటి వేటకు సాయవ్వ సలహా

ఏసోబు నోట్లో నువ్వుగింజ నానదు. ఈ గల్ఫ్ దేశంలో, ఐన్ ఖాలిద్ అనే పేటలో మేం పనిచేసే అరబ్బుల ఇంట్లో వాడు వంటమనిషి, నేను డ్రైవర్‌ని. ఇంటి పెద్దకొడుకు నాసర్ నల్ల ఎలుగుబంటిని వేటాడటానికి కెనడా వెళ్తున్నాడని తెలిసిన రోజు, టీ ఇచ్చి నోరు మూసుకుని రావచ్చుగా వీడు! "మా లింబాద్రి అన్న ఊళ్ళో ఎలుగుబంట్లు మేకల్లా తిరుగుతాయండీ" అని నా పేరు పెట్టి అనేశాడు.

ఇక చూడండి నా అవస్థ. కారు ఎక్కితే ఎలుగుబంటి, దిగితే ఎలుగుబంటి. మా నిర్మల్ అడవిలో ఉండేది వేరే జాతి అంటే నాసర్ వినడు. నలుపు నలుపే కదా అంటాడు. ఈ మనిషి ఇంతవరకు చేసిన వేటల్లా డేగను వదిలి పిట్టల్ని పట్టడమే.

నిన్న లుసైల్‌లోని అతని ఆఫీసు నుంచి వస్తుంటే అసలు బాంబు పేల్చాడు.

"లింబాద్రీ, నువ్వూ నాతో కెనడా రా. వీసా సంగతి నేను చూసుకుంటా. నీ లీవు తర్వాత చూద్దాం."

మేం మాట్లాడుకునేది హిందీలోనే అయినా నా గుండె మాత్రం తెలుగులోనే గుభేలుమంది. నెలాఖరుకు నా లీవు. హైదరాబాదులో నా భార్య సాయవ్వకు ముఖానికి ఆపరేషన్. పోయిన ఎండాకాలం తునికాకు కోయడానికి అడవికి పోతే ఎలుగుబంటి మీద పడింది. అప్పుడు కుట్లు వేసి పంపారు, ఇప్పుడు తొడ మీది చర్మం తీసి అతుకుతారట. తనకేం కాలేదని ఆమె కొట్టిపారేస్తుంది గానీ, ఆ రోజు ఆపరేషన్ గది బయట నేనుండొద్దా?

"మా ఇంటిదానికి ఆపరేషన్ ఉన్నదని మొన్ననే చెప్పిన గదా సాబ్. నేను యేటగాన్ని కాదు. మాకు తెలిసిందంత అది ఎదురుపడకుంట ఉండుడే."

ఆపరేషన్ మాట అతని చెవికెక్కలేదు. "అదే చెప్పు, పనికొస్తుంది" అన్నాడు.

ఏం మనిషిరా దేవుడా! సరే, చెప్పాను. అడవిలోకి గుంపుగా పోవాలి. గట్టిగా మాట్లాడుకుంటూ పోవాలి. గొడ్డలి కామతో చెట్లను కొడుతూ ఉండాలి. మన వాసన గాలికి దాని ముక్కుకు తగిలితే అదే తప్పుకుంటుంది.

నాసర్ ఫోన్ తీసి కెనడా గైడు పంపిన సలహాలు చదివాడు. మంచె ఎక్కి కదలకుండా కూర్చోవాలి. నోరు మెదపకూడదు. గాలి దాని వైపు నుంచి మన వైపు రావాలి. అత్తరు పూసుకోకూడదు. చెవులు చిన్నవిగా కనబడితే అది పెద్ద ఎలుగని లెక్క. పిల్లలున్నదాన్ని కొట్టకూడదు. ముందుకాలు చాచేదాకా ఆగి, భుజం వెనక గురి పెట్టాలి.

"నువ్వు చెప్పినవన్నీ తప్పులే" అని తేల్చాడు. కారంతా ఊదు అత్తరు వాసనతో నింపేసి కూర్చుని నాకు చెబుతున్నాడు! ఒళ్ళు మండింది.

"తప్పులు కావు సాబ్. మీకు అది రావాలె, మాకు అది పోవాలె."

"మీ ఇంట్లో ఎవరైనా దాన్ని దగ్గర నుంచి చూశారా?"

"మా ఆమె చూసింది. ఆ ఆపరేషన్ అందుకే."

"మేడమ్ చూసిందా! యల్లా, ఫోన్ చెయ్!"

గేటు ముందు కారు ఆపి వీడియో కాల్ చేశాను. సాయవ్వ ఎప్పటిలాగే కొంగు చెంప మీదికి లాక్కుని కనిపించింది. ఏడాదిగా అంతే. సిగ్గనుకుంటూ వచ్చాను.

"మా సాబ్ ఎలుగ్గొడ్డు యేటకు పోతుండటనే. ఏమన్న ఉపాయం చెప్పమంటుండు."

"ఆయనను ఎవ్వలన్న బలిమికి తోలుతుండ్రా?"

"లేదే, సొంతంగనే పోతుండు. సరదాకు."

"ఓయమ్మో! ఇంట్ల పనేం లేదా ఆయనకు?"

ఆ మాట తర్జుమా చేయలేదు. నాసర్ ఊరుకుంటేనా! చప్పుడు చేయకుండా ఉండటం మంచిదేనా అడుగు, అడుగు అని మోచేత్తో పొడిచాడు.

"సప్పుడు లేకుంట పోతేనే నా గతి గిట్లయింది. ఆ దినం మా యారాలుకు నాకు మాటలు బందు. ఇద్దరం మూతులు ముడుసుకొని దూరం దూరం ఆకు కోసుకుంట పోయినం. ఒక్క మాట మాట్లాడుకున్నా అది లేసి పోతుండె."

తోటికోడళ్ళ పంతం సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నాసర్‌కు చెబితే అతని కళ్ళు మెరిశాయి.

"అంటే చప్పుడు లేకపోతే దగ్గరికొస్తుందన్నమాట! గైడు చెప్పిందే నిజం. ఎంత దగ్గరికొచ్చింది?"

అడిగాను. సాయవ్వకు విసుగొచ్చింది.

"ఎంత దగ్గరనా? సూడుమను!" అని కొంగు లాగేసింది.

ఎడమ కంటి కింద నుంచి దవడ దాకా చెంప లేదు. పెదవి ఒక మూల పైకి గుంజుకుపోయి పళ్ళు బయటపడ్డాయి. ఆ కంటికి రెప్ప మూతపడటం లేదు. నా భార్య ముఖాన్ని అలా నేను చూడటం అదే మొదలు.

"ఇంతగనం అయితే నాకెందుకు చెప్పలేదే!" అని అరిచాను. నాసర్ పక్కనున్నాడని కూడా మరిచిపోయాను.

"చెప్తే నౌకరి ఇడిసిపెట్టి ఉరికొస్తవని చెప్పలే."

నాసర్ తల అటు తిప్పుకున్నాడు. అటే చూస్తూ, "రేపే వెళ్ళు లింబాద్రీ" అన్నాడు.

సాయవ్వకు ఆ హిందీ అర్థం కాలేదు. "ఏమంటుండు? కోపం జేస్తుండా? డ్యూటీకి అడ్డమైతే ఎనుక రా. నాదేమున్నది, అలవాటైంది" అంటోంది.

"నోరు ముయ్యి, రేపొస్తున్న" అన్నాను. కోపంగానే అన్నాను, ఏడుస్తూ.