ఇద్దరు చూడాల్సిన లెక్క

కార్వాన్‌లో రఘునాథ్ సేఠ్ పప్పుల దుకాణంలో నలభై ఏళ్లుగా మునీమ్‌గా లెక్కలు రాస్తున్నాను. చదివింది మూడో తరగతి. నా పుస్తకం ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు.

ఆ వారం, మా దగ్గర సరుకు కొనే యాకుత్‌పురా దుకాణం ఖాతాలో ఐదువేల నాలుగువందలు బాకీ తేలింది. వాళ్లేమో అంతా మొగులయ్యకు ఇచ్చేశామన్నారు. వసూళ్లు తెచ్చేది అతనే. సేఠ్ బజారంతా వినేలా అతన్ని దొంగ అన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. నేను ఖాతా పుస్తకం మూడు రోజులు తిరగేశాను. కళ్లు మండాయి. అంకె మారలేదు. రోజువారీ చిట్టా మాత్రం తెరవలేదు. నా ఖాతా మీద నాకంత నమ్మకం.

నాలుగో రోజు సేఠ్ కూతురు అభిజ్ఞ గల్లా పక్కన కూర్చుని కామర్స్ పరీక్షకు చదువుకుంటోంది.

"తాతా, గీ లూకా పచోలీ అనేటాయన సన్యాసి అంట. ఐదువందల ఏండ్ల కింద ఇటలీల లెక్కల పంతులు."

"సన్యాసికి లెక్కలెందుకు?"

"వెనిస్‌ల ఒక సేఠ్ పోరగాళ్లకు చదువు చెప్పిండంట. తర్వాత ఊరూరు తిరిగి చెప్పిండు. అక్కడి వ్యాపారులు లెక్క రాసే తీరంత పుస్తకంల పెట్టిండు. ఆయన కనిపెట్టింది కాదంట."

"ఊఁ. మునీమ్‌ల పని, పేరు ఆయనది."

"నీకెందుకు కుళ్లు?" నవ్వి, మళ్లీ పేజీ చూసింది. "లెక్క సరిచూసేటప్పుడు ఒక్కడే కూసోవద్దన్నడు. ఒకరు చిట్టా చదవాలె, ఇంకొకరు ఖాతాల అదే అంకె పక్కన గీత పెట్టాలె."

అలసిపోయి ఉన్నాను. అందుకేనేమో, చిట్టా ఆమె ముందుకు తోశాను.

ఆమె చదివింది. నేను గీతలు పెట్టాను.

"యాకుత్‌పురా, మొగులయ్య చేత, జమ రెండువేల ఏడువందలు."

నా ఖాతాలో అది బాకీ వైపు ఉంది. తీరిపోవాల్సిన రెండువేల ఏడువందల బాకీ రెట్టింపై ఐదువేల నాలుగువందలయింది. రాసిన చెయ్యి నాదే.

సేఠ్ విని గొంతు తగ్గించాడు. "ఎవరికీ తెల్వకుండ దిద్దు మునీమ్‌జీ. నలభై ఏండ్ల ఇజ్జత్ నీది. మొగులయ్యను రమ్మని కబురు పెడ్త."

కబురు కంటే ముందు నేనే వెళ్లాను. మొగులయ్య ఇంటి ముందు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"తప్పు నాదే మొగులయ్యా."

"మూడు రోజులు పుస్తకం చూసినవ్ అన్నా. నా మొఖం ఒక్కపారన్న చూసినవా?"

అప్పుడు అతని ముఖం చూశాను.

"నడిబజార్ల దొంగ అన్నరు. ఆడనే చెప్పు. వస్త."

కలిసి నడిచాం. దుకాణం ముందు హమాలీలు, బేరగాళ్లు, ఆటోల లొల్లి. మెట్టెక్కి ఖాతా పుస్తకం తెరిచి, ఆ పేజీ జనం వైపు తిప్పాను.

"మొగులయ్య పైసలన్నీ తెచ్చిండు. తప్పు రాసింది నేను."

"వినవడ్తలేదు చాచా, జర జోర్‌గ చెప్పు!" వెనక నుంచి ఎవరో అరిచారు.

మళ్లీ చెప్పాను.