కుడిచేతి స్టీరింగు

మా ఆయన పెంచలయ్య కారు నడిపితే చూసి తీరాలి. ఎక్కడో దూరాన బర్రె కనిపిస్తే చాలు, ఇక్కడ బ్రేకు మీద కాలు పడుతుంది. హారన్ మాత్రం కొట్టడు. "అదే పోతాదిలే, తొందరేముంది" అంటాడు. తొందర నాకుంది. చేపల వ్యాపారం చేసేదాన్ని, ఐసు కరిగిపోతుందని తొందర, నాకంటే ముందు ఇంకొకరు బజారు చేరతారని తొందర. అసలు పుట్టడమే తొందరపడి పుట్టానని మా అమ్మ అనేది. అలాంటి దాన్ని ఏడాది పాటు ఆ మనిషి పక్కన నోరు మూసుకుని కూర్చున్నాను. సరే, నోరు మూసుకోలేదు. కానీ కూర్చున్నాను.

అంతకు ముందు కారు నేనే నడిపేదాన్ని. మా పాలెంలో కారు నడిపిన మొదటి ఆడదాన్ని నేనే. గేర్లు మార్చే పనిలేని పాత కారొకటి కొని, వెనక సీటు పీకించి, ఐసు పెట్టెలు సర్దుకున్నాను. ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, తోటపల్లి గూడూరు మీదుగా నెల్లూరు తీసుకెళ్ళి అమ్ముకునేదాన్ని. కిందటేడు ఐసు దిమ్మలు పొడి చేసే మిషన్లో నా ఎడమచెయ్యి పడింది. బొటనవేలు మిగిలింది, మిగతా వేళ్ళు పోయాయి.

పెంచలయ్య సముద్రం మనిషి. ఆయనకూ తమ్ముడు హరినాథ్‌కూ కలిపి ఒక పడవ. నా చెయ్యి అలా అయ్యాక, "నీ యాపారం ఆగగూడదు" అని ఒక్క మాట చెప్పి, వేట మానుకుని, నా కారెక్కాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కానీ నేను వేలంలో అరుస్తూ ఉంటే ఈయన కారుకు ఆనుకుని సముద్రం వంక చూసే చూపు నాకు తెలుసు. గాలి ఎటు తిరిగిందో, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో తనలో తనే చెప్పుకునేవాడు. నాకు బాధ కూడా కోపంగానే బయటికొస్తుంది. "సముద్రం యాడికీ పోదులే, ముందు ఈ పెట్టె ఎత్తు" అని కసిరేదాన్ని.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు వేట నిషేధం. ఆ సెలవుల్లోనే ఒకరోజు హరినాథ్ ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"అన్నా, పోయినేడంతా రోజుకొకర్ని బతిమాలుకొని పడవెక్కించినా. ఈసారి అట్టా కుదరదు. తొలివేట రోజు నువ్వొస్తే నీ చోటు నీదే. రాకపోతే ఇంకొకర్ని పెట్టుకోవాల. ఏమీ అనుకోబాక."

నిషేధం ఎత్తేసిన రోజు పడవెక్కినవాళ్ళే ఆ ఏడంతా ఆ పడవ మనుషులు. మా ఊరి పద్ధతి అది. మధ్యలో వచ్చి నాకు చోటివ్వమంటే కుదరదు.

"పెట్టుకోరా, నాకేంది" అని మా ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఎక్కడికని చూస్తే, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒడ్డున బోర్లించిన పడవ చుట్టూ తిరుగుతున్నాడు.

మర్నాడే నెల్లూరులో రూఫస్ షాపుకు పోనిమ్మన్నాను. రూఫస్ కార్లకు కరెంటు పని చేస్తాడు. ఎందుకని అడిగితే ఏసీ బాగు చేయించాలన్నాను. మా కారులో ఏసీ ఎప్పుడు పనిచేసింది గనక! అయినా ఈయన ఎదురడగలేదు.

రూఫస్ నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, కుడిచేత్తో అటూ ఇటూ తిప్పమని చాలాసేపు చూశాడు.

"నీకు తిప్పేది కష్టం కాదక్కా. మలుపులో ఇండికేటర్ వెయ్యాలంటే స్టీరింగు మీంచి చెయ్యి తియ్యాల్సొస్తా ఉండాది చూడు, అదీ చిక్కు" అన్నాడు.

"అది నాకూ తెలుసులే నాయనా. ఏం జేస్తావో చెప్పు."

ట్రాక్టర్ స్టీరింగుకు గుండ్రటి పిడి ఉంటుందే, అలాంటిది ఒకటి బిగించాడు. ఒక్క చేత్తో పట్టుకుని ఎంతయినా తిప్పొచ్చు. పిడి పక్కనే కుడి బొటనవేలికి అందేట్టు బొత్తాలు పెట్టాడు: హారన్, రెండు ఇండికేటర్లు, లైట్లు, వైపర్. మొదటిసారి పెట్టినప్పుడు నా వేలు పొట్టిదన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం. వైపర్ అనుకుని హారన్ నొక్కేసరికి, కారు ముందు నిలబడి టీ తాగుతున్న పెద్దమనిషి గ్లాసు వదిలేశాడు. ఆయనకు ఇంకో టీ ఇప్పించి, బొత్తాలు దగ్గరికి జరిపించాను.

ఆ తర్వాత మా ఊరి రోడ్డు మీద వారాల తరబడి నడిపాను. పక్కన పెంచలయ్య రెండు చేతులా సీటు పట్టుకుని, కళ్ళు మూసుకుని, కులదైవాలందరినీ పేరు పేరునా పిలిచేవాడు. రవాణా ఆఫీసువాళ్ళ ముందు కూడా నడిపి చూపించి, సరేననిపించుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చాక చెప్పాను.

"మామా, తొలివేటకు పో."

"నువ్వొక్కదానివే నెల్లూరికా?"

"నేనొక్కదాన్నే."

ఆయన లేచి బయటికెళ్ళాడు. కారులో కూర్చుని బొత్తాలన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. ఇండికేటర్ వెలిగినప్పుడల్లా దిగి, వెనక్కి వెళ్ళి, నిజంగా వెలిగిందో లేదో చూసి వచ్చాడు. ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

తొలివేటకు ముందురోజు సాయంత్రం ఊళ్ళో పడవలన్నింటికీ పూజ. పడవ ముక్కు మీద పసుపునీళ్ళు పోసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతాం. కొత్త ఇంజనైనా, కొత్త వలైనా పసుపునీళ్ళు పడందే సముద్రం మీదికి పోదు. మా అత్త మస్తానమ్మ ఆ పని చేస్తే మొక్కుబడిగా చేయదు, నిండు చెంబుతో చేస్తుంది.

తెల్లారుతుండగా పడవలు కదిలాయి. పెంచలయ్య పడవ అంచు మీద కూర్చుని, పెళ్ళికి బయల్దేరినవాడిలా మొహం వెలిగించుకుని, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. అలలు దాటి పడవ మళ్ళీ పైకి తేలేదాకా చూశాను. ఇక ఐసు తెచ్చుకుందామని కారు తీసి, ఇసక దారి మీంచి రోడ్డెక్కబోతూ కుడి ఇండికేటర్ నొక్కాను.

హారన్ మోగింది. వేలు తీశాను. ఇంకా మోగుతోంది. మళ్ళీ నొక్కాను, గీరాను, కారు ఆపి తాళం తీశాను. మోగుతూనే ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు స్టీరింగును నాలుగు బాదాను. అసలు కోపం చూపాల్సింది అత్త మీదేనని అప్పటికి నాకు తెలియదు.

మా ఊళ్ళో ఒక కట్టుబాటుంది. ఒడ్డున ఏదైనా కీడు జరిగితే, పడవలు లాగే ట్రాక్టరు హారన్ ఆపకుండా మోగిస్తారు. అది వినిపిస్తే ఎంత వేటలో ఉన్నా పడవలు వెనక్కి తిరగాలి. ఆ రోజు గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తోంది. పడవలు ఇంకా దూరం పోలేదు. చూస్తుండగానే మొదటి పడవ తిరిగింది, దాని వెనక రెండోది, ఆ తర్వాత మొత్తం ఊరి పడవలన్నీ నా వైపుకే వస్తున్నాయి.

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడాదికి ఒక్కసారి వచ్చే తొలివేట. ఆదిలోనే హంసపాదు అంటే ఇదే.

పెంచలయ్య పడవ ఆగకముందే నీళ్ళలోకి దూకి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే? అమ్మకేమన్నా అయిందా?" అని అరుస్తున్నాడు. ఆ అమ్మే వెనకనుంచి ఆయాసపడుతూ వచ్చింది.

"నాకేమయిందిరా, గుండ్రాయి మాదిరుండా. ఆ కూత ఆపండి ముందు!"

"అదే ఆగి చావడంలా అత్తా! నిన్నటిదాకా బాగుండింది" అన్నాను.

అత్త స్టీరింగు వైపు చూసి, నా వైపు చూసి, కొంగు సవరించుకుంది. "నేనేం జేసినా? పడవకు పోసినాక చెంబులో ఇంకొంచెం మిగిలింది. కొత్త సామాను గదా అని దానికీ పోసినా. పడవంత పడవే తడిస్తే చెడిపోలా, ఇదేం ముక్కుతా ఉండాది?"

చుట్టూ చేరినవాళ్ళు తిట్టడానికి వచ్చి నవ్వడం మొదలుపెట్టారు. పెంచలయ్య నవ్వలేదు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరే హరీ, నా బదులు ఇంకొకర్ని ఎక్కించుకో. దీన్ని ఇట్టా ఇడిచి నేనెట్టా వచ్చేది? కారు నేనే తోలతా."

ఆ మాట విన్నాక నాకు హారన్ కూడా వినిపించలేదు. ఇప్పుడు ఈయన కారెక్కితే ఇక ఎప్పటికీ పడవెక్కడు.

"కారు జోలికొస్తే చెయ్యి ఇరగ్గొడతా!" అన్నాను. "మన ఇద్దరికీ కలిపి మూడు చేతులుండాయి, అవీ మిగలవు."

అని, రూఫస్‌కు ఫోను చేశాను. ఆ మోతలో వాడికి నేను వినపడటం లేదు, నాకు వాడు వినపడటం లేదు. ఎట్టకేలకు, "స్టీరింగు కింద పెట్టె తెరువక్కా, హారన్ బొమ్మున్న ఫ్యూజు పీకెయ్యి" అన్న ముక్క చెవిన పడింది. వంగి, కుడిచేత్తో మూత తీసి, పీకాను. ఒక్కసారిగా లోకమంతా నిశ్శబ్దం అయిపోయింది, అలల చప్పుడు మళ్ళీ వినిపించింది. మిగతా బొత్తాలు ఒక్కొక్కటీ నొక్కాను. ఇండికేటర్లు వెలిగాయి, లైట్లు వెలిగాయి, వైపర్ ఊగింది.

"చూసినావా? హారన్ లేదు, అంతే. నీకు హారనుండీ ఏం జేసినావులే. పో!"

పెంచలయ్య కదల్లేదు. హరినాథే అన్నాడు, "అన్నా, వదిన చెప్పినాక ఇంకా నిలబడుండావే. ఎక్కు."

ఎక్కాడు. పడవలు రెండోసారి కదిలాయి.

హారన్ లేకుండా నెల్లూరు దాకా పోవడం అంటే మాటలు కాదు. అద్దం దించుకున్నాను. "ఓ అబ్బయా, పక్కకు!" "ఆటో అన్నా, నిన్నే!" "బర్రెల్ని తోలుకోమ్మా తల్లీ!" నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు; నా నోరు పెద్దది, దారంతా ఖాళీ అయింది. తోటపల్లి గూడూరు సెంటర్లో మలుపు తిరిగేటప్పుడు పిడి పట్టుకుని, బొటనవేలితో ఇండికేటర్ నొక్కి, చెయ్యి తియ్యకుండా తిరిగాను. పక్క సీటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ సీటును చూసి పెద్దగా పాటందుకున్నాను. పాట మధ్యలో ఒక సైకిలువాణ్ణి తిట్టాను కూడా.

రూఫస్ బొత్తాల పెట్టె విప్పితే లోపలంతా పచ్చగా ఉంది. కడిగి, ఎండబెట్టి, నీళ్ళు దూరకుండా చుట్టూ రబ్బరు వేసి బిగించాడు. "ఇంక మీ అత్త బిందెతో పోసినా ఏం గాదక్కా" అన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, ఐసు వేయించుకుని ఒడ్డుకు తిరిగొచ్చాను.

పొద్దు వాలాక పడవలు వచ్చాయి. వలల్లో కానాగంత చేపలు మిలమిలా మెరుస్తున్నాయి. మా పడవ చేపలకు వేలంలో నేనే పాడాను. మొగుడి చేపలని రవ్వంత కూడా ఎక్కువ పాడలేదు, హరినాథ్ మొహం మాడ్చుకున్నాడు. పెట్టెలు కారులో సర్దించి, వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను.

పెంచలయ్య పడవ పని ముగించుకుని ఇసకలో నడిచి వచ్చాడు. ఒళ్ళంతా ఉప్పు, మోచేతుల దాకా చేప పొలుసులు. గాలి గురించి, నీటి రంగు గురించి హరినాథ్‌తో గట్టిగా వాదిస్తూ, చూసుకోకుండా నేరుగా నా వైపుకే వచ్చి డ్రైవరు తలుపు తీశాడు. సీట్లో నేనున్నాను. మాట మధ్యలో ఆగిపోయింది. నా మొహం చూశాడు, పిడి మీదున్న నా చెయ్యి చూశాడు. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు విని ఏడాదైంది నాకు.

తలుపు నెమ్మదిగా వేసి, కారు ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఇసకతో సహా ఎడమ సీట్లో కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. రెండూ ఆపుకోలేదు.

"రేపు కోడికూతకే పోవాలంట" అన్నాడు, కళ్ళు మూసుకుని వెనక్కి వాలుతూ. "నన్ను లేపుతావా?"

"లేపుతా" అన్నాను.